వరండా దాకా: కోనసీమలో సత్రం, బంగళా, హోటలు

మా ఊరి పేరులో ఒక ఇంగ్లీషు మాట ఇరుక్కుని ఉంది. ఐ.పోలవరంలో ‘ఐ’ అంటే ఐలెండు అని మా వైపు చెప్పుకుంటారు. పాపికొండల దగ్గర గోదావరి గట్టున ఇంకొక పోలవరం ఉంది కాబట్టి, రెండూ కలిసిపోకుండా, పాయల మధ్య ఉన్న ఈ పోలవరానికి ఆ అక్షరం తగిలించారు. చుట్టూ ఎదుర్లంక, పశువుల్లంక, గోగుల్లంక అని ఇన్ని లంకలుండగా లంక అనే మాట పనికిరాక ఐలెండు ఎందుకొచ్చింది అంటే, కాగితం రాసినవాడు దొరో, దొర కచేరీలో గుమాస్తాయో అయ్యుండాలి. ఊరివాళ్ళు పెట్టుకునే పేరైతే ఇలా ఉండదు.

ఇంగ్లీషువాళ్ళ జాడ మా చుట్టుపక్కల ఈ ఒక్క అక్షరంతో పోలేదు. ఎదుర్లంక రేవులో నిలబడితే గౌతమికి అవతల యానాం కనిపిస్తుంది. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ పాలన. దానికి చేరువలోనే ఇంజరం. అక్కడ 1708లో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. అమలాపురం దిగువన, సముద్రానికి దగ్గరగా బెండమూర్లంకలో మరొకటి, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో మరొకటి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టుకున్నాడు. ఆ తరవాత ఎవరు ఎవర్ని తరిమారో, ఏ నవాబు ఏ ఫర్మానా ఇచ్చాడో చరిత్ర పుస్తకాల్లో బోలెడంత ఉంది. ఇంజరం బట్టకు సీమలో ఎంత గిరాకీయో కూడా ఉంది. ఇంకా పైకి పోతే ధవళేశ్వరం ఆనకట్ట, 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని పక్కన ఇప్పుడు కాటన్ దొర పేరున మ్యూజియం ఉంది. బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్ళి చూపిస్తారు. దొర పేరుంది, దొర బొమ్మ ఉంది, దొర వాడిన యంత్రాలున్నాయి. రాయి మోసినవాళ్ళ పేర్లు లేవు. ఆనకట్ట పుణ్యమా అని కోనసీమ పచ్చబడిన మాట నిజం. ఆ పచ్చదనంలో భూమి ఎవరి పాలబడిందన్నది వేరే వ్యాసం రాయవలసిన సంగతి.

ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది దానికన్నా చిన్న ప్రశ్న. ఇలాంటి చోట్లకు చూడ్డానికి వచ్చినవాళ్ళెవరు? వచ్చినవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ తిన్నారు? ఎవర్ని లోపలికి రానిచ్చారు, ఎవర్ని వరండా దగ్గర ఆపేశారు? కోటలు, గుళ్ళు, సత్రాలు ఎవరు కట్టించారో శాసనాలు చెబుతాయి. గడప ఎవరు దాటలేదో శాసనాలు చెప్పవు. దళితుల చరిత్ర చాలావరకు ఆ గడప ఇవతల జరిగిన చరిత్ర గనక, శాసనాలనే ఆధారంగా పెట్టుకుంటే అది మనకు దొరికేది కాదు.

హోటలు అనే మాట మనకు కొత్తదేగాని డబ్బిచ్చి అన్నం తినడం కొత్త కాదు. కాకతీయుల కాలపు ఓరుగల్లులో పూటకూళ్ళ ఇల్లు ఎలా ఉండేదో క్రీడాభిరామం వర్ణించింది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను ఎరగని తెలుగువాడు లేడు. పూటకూళ్ళ ఇంట్లో డబ్బు చెల్లుతుంది, కాని ముందు కులం చెల్లాలి. వండేది బ్రాహ్మణ వితంతువు, తినేది ఆమె చేతి వంట తినగలిగినవాళ్ళు. ఇక సత్రం సంగతి. సత్రం ధర్మానికి కట్టింది, పైసా తీసుకోదు. అక్కడ ధర్మం అనే మాటకు అర్థం ఏమిటో చూడాలి. బ్రాహ్మణులకు వంట పంక్తి, తక్కిన సవర్ణులకు బయట వసారా, మాకు చెట్టు. దాత పుణ్యం కోసం కట్టించాడు, ఆ పుణ్యం ఎవరికి పెడితే వస్తుందో శాస్త్రం ముందే చెప్పేసింది.

ఏనుగుల వీరాస్వామి 1830, 31 సంవత్సరాల్లో మద్రాసు నుంచి కాశీ దాకా వెళ్ళి వచ్చి కాశీయాత్ర చరిత్ర రాశాడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఆయన. ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి తావుందా అని ఓపిగ్గా రాసుకుంటూ పోయాడు. తెలుగులో అంత విలువైన యాత్రాగ్రంథం ఇంకొకటి లేదని మేమూ ఒప్పుకుంటాం. అయితే ‘దిగడానికి తావు’ అన్నప్పుడు ఎవరు దిగడానికి అనే ప్రశ్న ఆ పుస్తకానికి పట్టలేదు. పల్లకీలో కూర్చున్నవాడి ప్రయాణం యాత్ర అయింది, పల్లకీ మోసినవాడి ప్రయాణం కూలి అయింది. బోయీలు అంటరానివాళ్ళు కారు, అయినా వాళ్ళకే ఆ పుస్తకంలో నోరు లేదు. ఇక మా మాట చెప్పేదేముంది.

కోనసీమలో ఈ సంగతి ఎత్తితే వెంటనే డొక్కా సీతమ్మగారి పేరు వస్తుంది. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో, రేవు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమెను పిలిచారనీ, రానంటే ఫోటో తీయించుకుని వెళ్ళారనీ మా వైపు కథలు కథలుగా చెబుతారు. గన్నవరం కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆమె పేరే పెట్టింది. ఆమె అన్నం పెట్టిందనడంలో మాకు అనుమానం లేదు, ఆకలి తెలిసిన మనిషి గనకనే పెట్టింది. మా ప్రశ్న అన్నం గురించి కాదు, పంక్తి గురించి. ఆ ఇంటి ముందు మా తాతలు ఎక్కడ కూర్చున్నారు? విస్తరి ఎవరు తీశారు? ఆమె మీద వచ్చిన ఇన్ని పుస్తకాలూ హరికథలూ అన్నం కొలత చెబుతాయి, పంక్తి సంగతి చెప్పవు. మంచిమనిషి ఒకామె ఉన్నంత మాత్రాన ఊరి ఏర్పాటు మారదు. ఇది ఆమెకు తక్కువ చేసి చెప్పడం కాదు.

ఇక దొరలు కట్టినవి బంగళాలు. కాలవల లాకుల దగ్గర ఇరిగేషన్ వాళ్ళ బంగళాలు, రోడ్ల పక్కన ముసాఫరు బంగళాలు, తరవాత జిల్లా బోర్డు బంగళాలు. ఎత్తు పునాది, చుట్టూ వరండా, వెనకాల వేరేగా వంటగది, గుర్రాలశాల. వీటి విషయంలో ఒక విచిత్రం ఉంది. మా వాళ్ళకు అందులోకి ప్రవేశం ఉంది, వెనక నుంచి. దొర వంటవాడు చాలాచోట్ల మాలవాడో మాదిగవాడో. గొడ్డుమాంసం ముట్టని కులాలవాళ్ళు ఆ వంటకు రారు కాబట్టి పని మా వాళ్ళకు దక్కింది. పంకా లాగినవాడు, బూట్లు తుడిచినవాడు, దొడ్డి ఊడ్చినవాడు, గుర్రానికి గడ్డి కోసి తెచ్చినవాడు మా వాళ్ళే. అంటే ఆ ఇంట్లో ప్రతి గదీ మా వాళ్ళకు తెలుసు, ఆ ఇంట్లో ఒక్క రాత్రి మంచం మీద పడుకున్నవాడు మాత్రం లేడు. దొరకు సూపు కాచి ఇచ్చిన చెయ్యి బజార్లో కాఫీ హోటలు గ్లాసు ముట్టుకుంటే మైల.

దొరలు కులం పాటించలేదు గదా, వాళ్ళ బంగళాలో మనకు సమానత్వం వచ్చింది గదా అని మన మిత్రుల్లో కొందరు రాస్తుంటారు. దీన్ని కొంచెం నిలకడగా చూడాలి. ఆ దొరల సొంత దేశంలో బాటసారికి సంబంధించి పాత న్యాయం ఒకటి ఉంది. సత్రం నడుపుకునేవాడు దారినపోయే మనిషిని, గది ఖాళీ ఉండి, ఆ మనిషి డబ్బిచ్చి మర్యాదగా ఉండేవాడైతే, చాలినంత కారణం లేకుండా పొమ్మనడానికి వీల్లేదు. రాజు చట్టం చేసి తెచ్చింది కాదది, కోర్టులు తరతరాలుగా ఒప్పుకుంటూ వచ్చిన న్యాయం. మరి దాన్ని ఇక్కడికి తెచ్చారా? తెచ్చింది ఇంకొకటి. 1858 నవంబరు 1న విక్టోరియా రాణి ప్రకటన చదివించి, మీ మతాల జోలికి రామన్నారు, మీ పూర్వాచారాలను మన్నిస్తామన్నారు. అది వినడానికి ఉదారంగా ఉంది. ఆచారం పేరు మీద గడప ఇవతల నిలబెట్టిన జనానికి దాని అర్థం ఏమిటంటే, దొర కూడా ఆ గడప జోలికి రాడని. తన దేశంలో సత్రంవాణ్ణి కోర్టుకు ఈడ్చే న్యాయం తెలిసిన కలెక్టరు, మన దేశంలో సత్రం దగ్గరికొచ్చేసరికి ఆచారం అని కలం దించేశాడు.

ఇంగ్లండు హోటళ్ళ గురించి కూడా మనకు భ్రమ అక్కర్లేదు. లియరీ కాన్‌స్టంటైన్ వెస్టిండీస్ క్రికెట్ ఆటగాడు, నల్లజాతివాడు. యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వ కార్మిక శాఖలోనే ఉద్యోగం చేశాడు. 1943 జులై ఆఖర్న లండన్‌లో రస్సెల్ స్క్వేర్ దగ్గరి ఇంపీరియల్ హోటలులో నాలుగు రాత్రులకు గదులు తీసుకుని కుటుంబంతో దిగాడు. ఒక్క రాత్రికి మించి ఉండనివ్వం అన్నారు. అమెరికా సైనికులు అదే హోటల్లో ఉన్నారు, వాళ్ళకు నల్లవాళ్ళు గిట్టరు, అదీ కారణం. అతను వేరే హోటలుకు వెళ్ళాడు, వెళ్ళి ఊరుకోకుండా దావా వేశాడు. 1944 జూన్‌లో న్యాయమూర్తి బర్కెట్ అతని పక్షాన తీర్పిచ్చాడు. నష్టపరిహారం అయిదు గినీలు. చాలా చిన్న మొత్తం. వర్ణవివక్ష నేరమని చెప్పే చట్టం ఆ రోజుకు లేదు, అది 1965లో గాని రాలేదు. అతన్ని గెలిపించింది ఆ పాత సత్రం న్యాయమే. డబ్బు తక్కువైనా, దారిన వచ్చిన మనిషికి హక్కుందని రికార్డులోకి ఎక్కింది.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నామంటే, ఇంచుమించు అదే కాలంలో లండన్ హోటళ్ళూ చూసి, మన సత్రాలూ కోటలూ చూసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయగలిగిన మనిషి మనకు ఒకరున్నారు. అంబేడ్కర్ రాసిన ‘వీసా కోసం ఎదురుచూస్తూ’ చిన్న పుస్తకం. 1930ల నడుమ రాసుకున్న ఆ కాగితాలు 1990లో గాని పుస్తకంగా రాలేదు. పెద్ద పెద్ద సంపుటాల మధ్య దీన్ని ఎవరూ అంత పట్టించుకోరు, జీవితచరిత్ర ముక్కలు గదా అని. మా దృష్టిలో ఇది హోటళ్ళ చరిత్ర, చారిత్రక స్థలాల చరిత్ర కూడా. అందులో రెండు సంగతులు మనకు ఇక్కడ ముఖ్యం.

మొదటిది బరోడా, 1917. అమెరికాలో, లండన్‌లో చదువుకుని, తనను చదివించిన సంస్థానానికి కొలువు చెయ్యడానికి వచ్చారు. స్టేషన్లో దిగారు, ఎక్కడికెళ్ళాలి? హిందూ హోటళ్ళలో రానివ్వరని తెలుసు. పార్సీవాళ్ళ సత్రం ఒకటుంది, అది పార్సీలకే. సత్రం చూసుకునేవాడికి ఆదాయం కావాలి, ఈయనకు చోటు కావాలి. పార్సీ పేరు ఒకటి పుస్తకంలో రాసుకుని రోజుకు రూపాయిన్నర మీద పై అంతస్తులో గది ఇచ్చాడు. పాత సామాను పడేసే ఇల్లులా ఉన్న ఆ మేడ మీద ఒక్కరే దీపం పెట్టుకుని కూర్చున్నారు. పదకొండో రోజు పొద్దున్న కర్రలు పట్టుకుని డజను మంది పార్సీలు మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణి, ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగారు. నువ్వొస్తే మా నౌకర్లు పోతారని ఒకరు, భార్యను అడగాలని ఒకరు. చివరికి ఊళ్ళో తోటలో గంటల తరబడి కూర్చుని రాత్రి బొంబాయి రైలెక్కారు. ఆ తోటలో చెట్టు చోటును ఇప్పుడు సంకల్పభూమి అని పిలిచి జనం దణ్ణం పెట్టుకుని వస్తున్నారు. ఆనాడు ఆయనకు మంచం ఇవ్వని ఊళ్ళో ఈనాడు ఆయన కూర్చున్న చెట్టు చూడవలసిన స్థలమైంది.

రెండోది దౌలతాబాద్ కోట, 1934. ఇది మనకు ఇంకా దగ్గర, ఎందుకంటే అది నిజాం రాజ్యం, మన తెలంగాణ ఏ రాజ్యంలో ఉందో అదే రాజ్యం. ముప్ఫై మంది దాకా దళిత కార్యకర్తలతో కలిసి వేరూళ్ళో బౌద్ధ గుహలు చూడ్డానికి బయలుదేరారు. దారిలో కోట. రంజాను నెల. కోట గుమ్మం దగ్గర నిండుగా నీళ్ళున్న చెరువు, చుట్టూ రాతిమెట్లు. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు కడుక్కున్నారు. అంతలో ఒక ముసలాయన మా చెరువు మైలపరిచారు అంటూ అరుచుకుంటూ వచ్చాడు. జనం పోగయ్యారు. స్థానిక దళితుల్ని కూడా తిట్టారు. మీ మతం మీకిదే నేర్పిందా, మేము రేపు ముసల్మానులమైతే ఇలాగే ఆపుతారా అని అంబేడ్కర్ అడిగితే జనం చప్పబడ్డారు. చివరికి కోట చూడొచ్చు గాని లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదని షరతు పెట్టారు. ముట్టుకోకుండా చూడ్డానికి తుపాకీ పట్టుకున్న సిపాయిని వెంట పంపారు.

ఈ 1934 అనే అంకె దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. అప్పటికి ఆయన 1930 నుంచి 1932 దాకా లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చుని వచ్చినవారు. రాజుగారి విందుకు వెళ్ళినవారు. ఆ రాజుకు సామంతుడైన నిజాం కోటలో చెరువు నీళ్ళకు పనికిరాలేదు. కోట చూడ్డానికి వచ్చిన మామూలు యాత్రికుడికి వెంట గైడు వస్తాడు. దళిత యాత్రికుడికి తుపాకీ వచ్చింది. చారిత్రక స్థలాన్ని దర్శించడం అని మనం తేలిగ్గా అనేస్తాం. గోడ మీది శిల్పం చూడాలంటే మనిషికి దాహం వేస్తుంది, కాళ్ళు లాగుతాయి, ఎక్కడో కూర్చోవాలి. నీళ్ళు, చోటు ఇవ్వకుండా చూడనివ్వడం చూడనివ్వడం కిందికి రాదు.

మన తెలుగు జిల్లాల్లో ఇదే గొడవ ఇంకా ముందే బయటపడింది. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములనే పేరు తోసేసి మేము ఆది ఆంధ్రులం అని చెప్పుకున్న సభ అది. బయటి ఊళ్ళ నుంచి ప్రతినిధులు వచ్చారు. వచ్చినవాళ్ళు కొండెక్కి అమ్మవారిని చూస్తామంటారేమోనని సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని వర్మగారి జీవితం రాసినవాళ్ళు చెబుతారు. సభకు వచ్చినవాళ్ళు గుడికి వెళ్తామని అడగలేదు, తాళం ముందే పడింది. అంటే బయటి ఊరి దళితుడు రావడమే ఒక భయం. ఊళ్ళో దళితుడు ఫలానావాడని తెలుసు, వాడు ఎక్కడ ఆగాలో వాడికీ తెలుసు. రైలు దిగి కోటు తొడుక్కుని వచ్చినవాడు ఎవడో పోల్చుకోలేరు. హోటళ్ళలో కులం అడగడం ఇంత పెద్ద వ్యవహారం కావడానికి మూలం ఇదేనని మేమనుకుంటున్నాం.

ఆ తరవాత కాగితం మీద జరిగినవి త్వరగా చెప్పుకుందాం. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలి రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానాన్ని ఒప్పుకుంది. బాటలు, బావులు, చెరువులు, కచేరీలు, జనం చేరే చోట్లు ఏ కులంవాడైనా వాడుకోవచ్చని ప్రభుత్వం గెజిటులో వేయించింది. ఈ శ్రీనివాసనే తరవాత అంబేడ్కర్‌తో కలిసి లండన్ సమావేశాలకు వెళ్ళారు. 1938లో ఎం.సి.రాజా ప్రయత్నం వల్ల మద్రాసు రాష్ట్రంలో పౌర అనర్హతల నిర్మూలన చట్టం వచ్చింది. రైల్వే ఫలహారశాలల్లో బ్రాహ్మణులకు ఒక గది, ఇతరులకు ఒక గది ఉండేవి. పెరియార్ పట్టుపట్టి పోరాడగా 1941లో ఆ బోర్డులు దిగాయి. కోనసీమకు ఆ రైలు ఫలహారశాల కూడా లేదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వేసిన పట్టాలే రెండో ప్రపంచ యుద్ధంలో పీకేశారు, మళ్ళీ 2004లో గాని వెయ్యలేదు. 1944 సెప్టెంబరు చివర అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిలు సభ్యులుగా గోదావరి జిల్లాల్లో తిరిగారు. కాన్‌స్టంటైన్ తీర్పు వచ్చి అప్పటికి మూడు నెలలు. సర్కారు సభ్యుడు గనక అప్పుడాయనకు ప్రభుత్వ బంగళా తలుపులు తెరుచుకుంటాయి. ఆయన సభకు నడిచి వచ్చినవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే చెట్ల కింద, బంధువుల పాకల్లో.

1948 నవంబరు 29న రాజ్యాంగసభలో అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించారు. మనవాళ్ళు ఆ తేదీ గుర్తుపెట్టుకుంటారు. అదే రోజు ఇంకొకటి కూడా ఆమోదం పొందింది, ఇప్పటి 15వ అధికరణం. దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలలు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, బాటలు అని దాని రెండో భాగంలో వరసగా రాసి ఉంటాయి. రాజ్యాంగంలో హోటలు అనే మాట ఎందుకు రావాలి? చదువుకునే రోజుల్లో మేము దాన్ని దాటేసి వెళ్ళాం, పరీక్షలో అడగరు గనక. బరోడా సత్రం, దౌలతాబాద్ చెరువు తెలిసిన తరవాత ఆ వాక్యం వేరేగా వినిపిస్తుంది. చర్చలో మంగలి, చాకలి దగ్గర సేవల సంగతి ఏమిటని అడిగినప్పుడు, దుకాణం అనే మాటను విశాలమైన అర్థంలోనే వాడాం, డబ్బిచ్చి సేవ పొందే ఏ చోటైనా అందులోకి వస్తుందని అంబేడ్కర్ వివరించారు.

1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు ముందుకేసింది. హోటల్లోకి రానివ్వకపోవడమే గాక, హోటల్లో అందరికీ పెట్టిన పాత్రలు వాడనివ్వకపోవడం కూడా నేరమంది. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదొందల దాకా జరిమానా. గ్లాసు సంగతి చట్టంలోకి ఎక్కింది. ఎక్కింది గాని మా ఊళ్ళ కాఫీ హోటళ్ళలో గోడకు కొట్టిన మేకు ఊడలేదు.

ఆ మేకు గురించి మా పేటల్లో పెద్దవాళ్ళు చెప్పేది విన్నాం. మొదట్లో గ్లాసే లేదు, కొబ్బరిచిప్ప. కోనసీమలో కొబ్బరిచిప్పలకు కరువా! ఎత్తి పోస్తే తాగి పారెయ్యడం. తరవాత సత్తు గ్లాసు వచ్చింది. అది లోపలి గ్లాసులతో కలవదు. పాక బయట రాటకు మేకు, మేకుకు గ్లాసు. తీసుకుని, తాగి, కాలవలో కడిగి మళ్ళీ తగిలించాలి. డబ్బులు చేతిలో పెట్టకూడదు, బల్ల చివర పెట్టాలి. ఇడ్లీలు అరటాకులో కట్టించుకుని కాలవగట్టున కూర్చుని తినాలి. ఇది చెప్పిన ఒక పెద్దాయనకు కోపం లేదు, ఆ హోటలు చట్నీ ఎంత బావుండేదో కూడా చెప్పాడు. కోపం మాకు వచ్చింది. ఆలోచిస్తే ఆయన మాటలోనే ఎక్కువ చరిత్ర ఉంది. రుచి మీద ఆశ, అవమానం ఒకే ఆకులో కట్టుకుని తెచ్చుకున్న కాలం అది. ఆడవాళ్ళకు ఆ ఆకు కూడా లేదు. నాట్లకు పోయి వస్తూ హోటలు ముందు నిలబడడం మర్యాద కాదని రెండు వైపులా కట్టుబాటే.

రెండు గ్లాసుల పద్ధతి పాతకాలపు మాట అనుకునేవాళ్ళు 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఇచ్చిన నివేదిక చూడాలి. అప్పటికి రాజ్యాంగానికి యాభై ఏళ్ళు దాటాయి. ఇక వినోదశాల సంగతి అంటారా, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపడానికి దారితీసిన గొడవ మొదలైంది సినిమాహాల్లో. ముందు కుర్చీలో కూర్చున్నవాడికి వెనకవాడి కాలు తగిలింది. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జులైలో కారంచేడులో మొదలైంది చెరువు దగ్గర. చెరువు, వినోదశాల, రెండూ 15వ అధికరణంలో ఉన్నాయి. ఆ జాబితా రాసినవాళ్ళకు నెత్తురు ఎక్కడ చిందుతుందో తెలుసు.

ఇక్కడ మా మండలం మనిషి ఒకరి సంగతి రావాలి. జి.ఎం.సి.బాలయోగి 1951లో ఎదుర్లంకలో పుట్టారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షులయ్యారు. జిల్లా పరిషత్తు అంటే వెనకటి జిల్లా బోర్డుకు వారసురాలు. బోర్డు బంగళాలో పంకా లాగినవాళ్ళ మనుమలు ఒకరు ఆ బోర్డు కుర్చీలోనే కూర్చున్నారు. 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి పోయారు. ఎదుర్లంకకూ యానానికీ మధ్య గౌతమి మీద వేసిన వంతెనకు ఆయన పేరుంది. ఒకప్పుడు పడవ కోసం రేవులో గంటలు నిలబడిన చోట ఇప్పుడు కార్లు పోతున్నాయి. యానాం చూడ్డానికి వెళ్ళే యాత్రికులు ఆ పేరు చదువుకుంటూ దాటుతారు. ఒక్కరు పైకి రావడం వల్ల అందరికీ గది దొరికిందని మేము అనం. అయితే దొర పేర్లూ జమీందారు పేర్లూ తప్ప చూడని మా కళ్ళకు ఆ బోర్డు చిన్న సంగతి కాదు.

మా తరానికి హోటలు అంటే పరీక్ష రాయడానికి ఊరు దాటినప్పుడు దిగిన లాడ్జి. మా ఇళ్ళల్లో అంతకుముందు డబ్బిచ్చి గదిలో పడుకున్నవాళ్ళు లేరు. అద్దె ఎలా అడగాలో, తాళంచెవి వెనక్కి ఇవ్వాలో లేదో చెప్పేవాళ్ళు లేరు. రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు, వచ్చిన పని అని గళ్ళుంటాయి. కులం గడి లేదు. కౌంటరు దగ్గరి మనిషి నవ్వుతూ అడుగుతాడు: “ఐ.పోలవరం అంటే ఎవరి తాలూకండీ మీరు?” మా వైపు మర్యాద ఎక్కువ, అందుకని అండీ తప్పదు. ఊళ్ళో ఏ వీధి అని అడుగుతాడు. పేట పేరు చెప్పేసరికి ఉన్న గది లేకుండా పోవడం మేము ఎరుగుదుం. గది ఇచ్చినచోట కూడా ఆ ప్రశ్న తప్పలేదు. దావా వెయ్యడానికి ఇందులో ఏముంది? కాన్‌స్టంటైన్‌కు హోటలువాడు మొహం మీద చెప్పాడు, సాక్ష్యం మిగిలింది. మాకు గదులు నిండిపోయాయని చెబుతారు. ఈ నవ్వుకు చట్టంలో సెక్షను లేదు.

చారిత్రక స్థలాల్లో కోనసీమలో మాకు దగ్గరిది ఆదుర్రు. మామిడికుదురు దగ్గర, వైనతేయ పాయ పక్కన ఉన్న బౌద్ధ స్తూపం. బోయి భీమన్న పుట్టింది ఆ మామిడికుదురులోనే. పురావస్తు శాఖవాళ్ళ కంచె ఉంది, లోపల ఇటుకల దిబ్బ. గాలిగోపురం లేదు, ప్రసాదం లేదు, అందుకని విహారానికి వచ్చేవాళ్ళు ఎక్కువ ఆగరు. అక్కడ కులం అడిగే పూజారి కూడా లేడు. అంబేడ్కర్ వేరూళ్ళకు ఎందుకు బయలుదేరారో ఆ దిబ్బ పక్కన కూర్చుంటే అర్థమవుతుంది. చరిత్ర విద్యార్థుల్ని నాగార్జునకొండకు, అజంతాకు తీసుకెళ్ళే ఉపాధ్యాయులు ముందు వాళ్ళను ఆదుర్రు తీసుకెళ్తే మంచిది. మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి.

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెడుతూ ప్రాథమిక ప్రకటన వచ్చింది. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, మా ముమ్మిడివరం శాసనసభ్యుడి ఇల్లు తగలబెట్టారు. వందల ఏళ్ళ పేరు మార్చడం ఇష్టం లేదన్నారు. ఐలెండు అనే దొర మాట మా ఊరి పేరు ముందు కూర్చుంటే ఎవరికీ బాధ కలగలేదు. కోనసీమ అనే మాటను తీసెయ్యలేదు, దాని ముందు ఒక పేరు చేర్చారు, అంతే. ఆ పేరు గల మనిషికి ఒకప్పుడు బరోడాలో గది దొరకలేదు.

పేరు నిలిచింది. సర్కారు బోర్డుల మీద, తాలూకా కచేరీ మీద ఉంది. ఇప్పుడు దిండి వైపు, యానాం వైపు, గోదారి గట్ల వెంబడి కొత్త రిసార్టులు లేచాయి. కొబ్బరిచెట్ల నీడ, పడవలో గదులు, పూతరేకులు, పులస కూర. ఇల్లు కట్టినవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, గదులు తుడిచేవాళ్ళు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ దిగినవాళ్ళు తెచ్చిన రసీదులు కొన్ని మేము చూశాం. కొన్నిటి మీద జిల్లా పేరు పూర్తిగా అచ్చయింది. కొన్నిటి మీద ఇంకా తూర్పు గోదావరి అనే ఉంది, పాత పుస్తకాలు అయిపోలేదేమో. కొన్నిటి మీద, కొత్తగా అచ్చు వేయించినవాటి మీదే, ఒట్టి కోనసీమ అని ఉంది.